మొదట మాట్లాడవలసిన మనిషి

ఆ గురువారం పొద్దున అతని పథకం చాలా చిన్నది. షాపు తెరిచే వేళకు ముందే చర్చి కమిటీ పెద్దాయన ఇంటికి వెళ్లాలి, కాసేపు నేలమీద కూర్చోవాలి, నోరు మెదపకూడదు, తిరిగొచ్చి షాపు తీయాలి.

అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఈ సంగతి చెబితే, పక్కనే తల దువ్వుకుంటున్న భార్య చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"నోరు మెదపకూడదా? ఎవరు, మీరా?"

"నేనే. పరామర్శకు వెళ్లినవాడు ముందు మాట్లాడకూడదు. దుఃఖంలో ఉన్న మనిషి నోరు తెరిచేదాకా ఎదురుగా ఊరికే కూర్చోవాలి. యూదుల పద్ధతి అది. బైబిల్లో పిల్లలందర్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏం చేశారు? ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద కూర్చున్నారు. ఒక్కడు ఒక్క మాట అనలేదు."

"తరవాత అన్నారుగా. అక్కణ్ణించి అంతా వాళ్ల వాగుడేగా."

"అందుకే దేవుడు కోప్పడ్డాడు. ఊరుకున్నంతసేపూ ఏమీ అనలేదు చూడు."

"బాగానే ఉంది. పెద్దాయన మాట్లాడకపోతే?"

"దుఃఖంలో ఉన్నవాడు ఎంతసేపని ఊరుకుంటాడే?"

"ఆయన సంగతి నాకు తెలీదు. మీరు మాత్రం ఎంతసేపో ఊరుకోలేరు. ఆ ధైర్యంతోనే పంపిస్తున్నా, వెళ్లిరండి" అని ఆవిడ మళ్లీ దువ్వుకోవడం మొదలుపెట్టింది.

అతనిది కళ్లజోళ్ల షాపు. మనుషుల్ని చీకటిగదిలో కూర్చోబెట్టి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెడుతూ, "ఇప్పుడు ఎలా ఉంది? ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడం అతని పని. రెండేళ్ల కిందట బైబిలు విషయంలో అతనికి సరిగ్గా అలాంటి అద్దమే ఒకటి దొరికింది. బైబిల్లో ఉన్నవాళ్లంతా యూదులన్న సంగతి అంతకు ముందు తెలియక కాదు. కాని తెలియడం వేరు, తట్టడం వేరు. తట్టినప్పటినుంచీ అతను ఆగలేదు. వాళ్లకు రోజు పొద్దున కాదు, సూర్యాస్తమయంతో మొదలవుతుందని చెప్పాడు. యేసుతో చివరి భోజనానికి శిష్యులు బల్ల ముందు వరసగా కూర్చోలేదని, ఎడమ మోచేతిమీద ఆనుకుని పక్కకు ఒరిగి తిన్నారని చెప్పాడు. కూర్చుని తింటున్న బొమ్మను చర్చికి కానుకగా ఇచ్చిన వడ్రంగి ఆ రోజునుంచి అతన్ని పలకరించడం మానేశాడు. ఎక్కడ నలుగురు కనిపించినా "దీని యూదు నేపథ్యం ఏమిటంటే" అని మొదలుపెట్టేవాడు కనక, సంఘంలో అందరూ అతన్ని చాటుగా 'నేపథ్యం' అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది రిటైరైన హెడ్మాస్టరు. పేరు తన చెవిన పడినప్పుడు నేపథ్యానికి కోపం రాలేదు. లోలోపల కాస్త సంతోషించాడు కూడా.

ఆ హెడ్మాస్టరే ఇప్పుడు అతనికి పోటీ. శనివారం సాయంత్రాల్లో పెద్దవాళ్లకు జరిగే బైబిలు క్లాసు ఖాళీ అయింది. ఇన్నాళ్లూ చెప్పినాయన వేరే ఊరికి వెళ్లిపోయాడు. బైబిలంతా తన స్కూల్లోనే జరిగినట్టు, ప్రవక్తలందరూ క్లాసు లీడర్లయినట్టు చెప్పే హెడ్మాస్టరుకి ఆ క్లాసు ఇస్తే ఇంకో పదేళ్లు అందరూ మసక అద్దాలతోనే చదువుతారు. నేపథ్యానికి ఇది ప్రాణం పోయేంత విషయం. నలభైమంది ఎదుట నిలబడి, ఒక్కొక్క అద్దం మారుస్తూ, వాళ్ల మొహాల్లో అక్షరం తేటపడడం చూడాలని అతనికి ఎంత ఆశో భార్యకు కూడా చెప్పలేదు. ఎవరికివ్వాలో ఆదివారం కమిటీ తేల్చాలి. కమిటీ అంటే పెద్దాయనే.

ఆ పెద్దాయన ఇంట్లో సోమవారం ఆయన అత్తగారు పోయింది. ఎన్నో ఏళ్లుగా కూతురి దగ్గరే ఉన్న ముసలావిడ. సమాధి కార్యక్రమం అయిపోయింది. ఈ పరామర్శకూ ఆ క్లాసుకూ ఏ సంబంధమూ లేదని దారిలో నేపథ్యం తనకు తాను చెప్పుకున్నాడు. వీధి మలుపులో మళ్లీ ఒకసారి చెప్పుకున్నాడు. రెండోసారి చెప్పుకోవలసి రావడమే అతన్ని కాస్త ఇబ్బంది పెట్టింది.

పెద్దాయన ముందుగదిలో పేము కుర్చీలో ఉన్నాడు. నేపథ్యం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, సోఫా పక్కనుంచి వెళ్లి, ఆయనకు సరిగ్గా ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. తల కొద్దిగా వంచాడు. మొహంలో ఎంత దుఃఖం పెట్టాలో దారిలోనే అనుకుని ఉన్నాడు కనక అంతే పెట్టాడు.

లోపలినుంచి పెద్దాయన భార్య వచ్చింది. "రా తమ్ముడూ. అయ్యో, అక్కడెందుకు? పైన కూర్చో, నేల చల్లగా ఉంది."

నేపథ్యం వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"పోనీ కాఫీ తాగుతావా?"

మళ్లీ చెయ్యి ఊపాడు.

"మా అమ్మకి నువ్వు చేసిచ్చిన కళ్లజోడు ఆ బీరువాలోనే ఉంది. అది చూసినప్పుడల్లా..." అని ఆవిడ మొదలుపెట్టింది. నేపథ్యం అరచెయ్యి గుండెమీద పెట్టుకుని, ఎంతో మర్యాదగా, పెద్దాయన వైపు తల వంచాడు. ఆవిడ టీపాయి మీద లేని దుమ్మును కొంగుతో తుడిచి, లోపలికి వెళ్లిపోయింది.

అతను లెక్కలోకి తీసుకోని సంగతి ఒకటుంది. పెద్దాయనది ప్లైవుడ్ వ్యాపారం. అవతలివాడు రేటు చెప్పేదాకా తను పెదవి కదపకపోవడం ఆయనకు అన్నం పెట్టిన విద్య. షాపులో అలవాటైన ఆ విద్య కమిటీకి వచ్చింది, కమిటీనుంచి ఇంటికి వచ్చింది, చివరికి ఒంటికే పట్టేసింది. ఎవరు ఎదురుగా వచ్చి కూర్చున్నా ఆయన కనురెప్పలు సగం దించి, చేతులు పొట్టమీద పెట్టుకుని ఎదురుచూస్తాడు. ఎవరికైనా చివరికి ఏదో కావలసే ఉంటుంది, చివరికి వాళ్లే చెబుతారు.

అలా ఇద్దరూ కూర్చున్నారు. ఒకరిది యోబు మౌనం, ఒకరిది ప్లైవుడ్ మౌనం. బయటినుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

మొదట్లో నేపథ్యానికి తన మౌనం చాలా గొప్పగా అనిపించింది. కాసేపటికి మోకాళ్లు తెలిశాయి. ఇంకాసేపటికి నాలుక తెలిసింది. తన నోట్లో అంత పెద్ద వస్తువు ఉన్నట్టు అతనికి ఇంతకాలం తెలియదు. ఇంతలో పెద్దాయన దగ్గాడు. నేపథ్యం ఆశగా తలెత్తాడు. దగ్గు మాట కిందికి వస్తుందా? తను చదివినవాటిలో ఎక్కడా దీని ప్రస్తావన లేదు. అనుమానంగా ఉన్నప్పుడు కఠినంగా ఉండడమే మేలనుకుని మళ్లీ తల దించుకున్నాడు.

అప్పుడు పెద్దాయన తమ్ముడు వచ్చాడు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. పక్క సీట్లో కూర్చుని, ఎదురుగా వచ్చే ప్రతిదాన్నీ ప్రమాదంగా చూడడం అతని వృత్తి. నేలమీద ఉన్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటండీ, కింద కూర్చున్నారు?"

నేపథ్యం తల ఇంకాస్త వంచాడు.

"ఒంట్లో బాగాలేదా?"

నేపథ్యం కాదన్నట్టు తల ఊపాడు.

"మరి పైన కూర్చోండి."

కూర్చోనన్నట్టు తల ఊపాడు.

తమ్ముడు లోపలికి వెళ్లి వదినగారిని అడిగాడు. కుర్చీ వద్దన్నాడనీ, కాఫీ కూడా ముట్టనన్నాడనీ ఆవిడ చెప్పింది. అతను మళ్లీ వచ్చి అన్నగారి చెవిదగ్గర వంగి, తను గుసగుస అనుకున్న గొంతుతో, "అన్నయ్యా, ఇది పరామర్శ కాదు. దీక్ష. శనివారం క్లాసు ఇచ్చేదాకా లేవడు. కాఫీ కూడా మానేశాడంటే ఇక నిరాహారమేగా!" అన్నాడు.

పెద్దాయన కనురెప్పలు ఇంకో పావు దిగాయి.

నేపథ్యానికి భయం వేసింది. కాదు అని అరవాలనిపించింది. కాని ఇప్పుడు కాదంటే ఇంతసేపూ కూర్చున్నది వృథా. పైగా ఆ మాటలో ఏదో నిజం ఉన్నట్టు, ఎక్కడో దాచుకున్న జేబులోకి ఎవరో చెయ్యి పెట్టినట్టు అనిపించి చెవులు వేడెక్కాయి. ఇదీ అతను తరవాత చాలాకాలం గుర్తు చేసుకున్న క్షణం. ఎందుకంటే ఆ భయం కిందనుంచే సన్నగా ఒక ఆనందం కూడా లేచింది. రెండేళ్లుగా నోరు నొప్పెట్టేలా చెప్పినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ ఊరికే కూర్చుంటే జనం గుసగుసలాడుతున్నారు.

తమ్ముడు వరండాలోకి వెళ్లి ఫోన్లు చేశాడు. వరండాకీ ముందుగదికీ మధ్య కిటికీ తెరిచే ఉంది. "అవునయ్యగారూ, నేలమీదే... లేదు, పచ్చి మంచినీళ్లు కూడా... మీరొచ్చి చెబితే వింటాడేమో" అనడం, తరవాత ఇంకెవరికో "హెడ్మాస్టరుగారూ, మీ క్లాసు గోవిందా అయ్యేలా ఉంది" అనడం నేపథ్యానికి స్పష్టంగా వినిపించాయి.

పాస్టరుగారు వచ్చారు. మెత్తని మనిషి, భారీ శరీరం. సంఘంలో ఎవరు ఏమన్నా "అదీ నిజమే" అంటారు. నిలబడి మాట్లాడితే పైనుంచి మాట్లాడినట్టుంటుందని, ఒక చెయ్యి సోఫామీదా ఒక చెయ్యి టీపాయి మీదా ఆన్చి, మెల్లిగా నేపథ్యం పక్కనే నేలమీదికి దిగారు.

"బ్రదర్, నాతో చెప్పండి. మీ మనసులో ఏముంది?"

నేపథ్యం కళ్లతో పెద్దాయన్ని చూపించాడు. ముందు ఆయన మాట్లాడాలి కదా అని అతని ఉద్దేశం. పాస్టరుగారు పెద్దాయన్ని చూశారు. పెద్దాయన పాస్టరుగారిని చూశాడు. చూపుల్లో ఏదో పెద్ద వ్యవహారమే ఉందని ముగ్గురికీ అర్థమైంది, ఏమిటో మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. పాస్టరుగారు లేవబోయారు. మోకాళ్లు ఒప్పుకోలేదు. రెండోసారి ప్రయత్నించి, ఇక అక్కడే ఉండిపోవాలని తనే నిర్ణయించుకున్నట్టు మొహం పెట్టి, చేతులు జోడించి కూర్చున్నారు.

సరిగ్గా ఆ సమయానికి హెడ్మాస్టరు లోపలికి అడుగుపెట్టాడు.

"అయ్యగారూ! మీరు కూడానా?"

"అబ్బే, నేను ఊరికే..." అన్నారు పాస్టరుగారు.

"ఊరికే ఎవరూ నేలమీద కూర్చోరండీ! స్పష్టంగా చెప్పండి, మీరు ఏ పక్షం?"

"అదీ నిజమే" అన్నారు పాస్టరుగారు, ఏం చెప్పాలో తోచక.

హెడ్మాస్టరు మొహం ఎర్రబడింది. "మంచిది. కూర్చోవడమే పద్ధతయితే మాకూ వచ్చు. మా స్కూల్లో ఎంతమందిని నేలమీద కూర్చోబెట్టానో లెక్కలేదు" అని గోడవారగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేతులు కట్టుకుని, నేపథ్యం మొహంలోకి కళ్లార్పకుండా చూడసాగాడు. నోరు మూసుకోమని ఎవరూ చెప్పకపోయినా ఆయనా మూసుకున్నాడు. ముందు మాట్లాడితే ఓడిపోయినట్టవుతుందన్న సంగతి ఆ గదిలోకి వచ్చిన ప్రతివాడికీ ఎలాగో అంటుకుంటోంది.

తమ్ముడు ఒక్కడే నిలబడి ఉన్నాడు. అన్నగారి పక్షాన తను కూర్చోకపోతే సంఖ్య తగ్గుతుందేమోనని అతనికి అనుమానం వచ్చి, పేము కుర్చీ పక్కన కూర్చున్నాడు. పెద్దాయన భార్య కాఫీ గ్లాసులతో వచ్చి, ఎవరూ తీసుకోకపోతే తిరిగి వెళ్లింది. మంచినీళ్లతో వచ్చింది. హెడ్మాస్టరు చెయ్యి చాచబోయి, నేపథ్యం తీసుకోలేదని గమనించి, చాచిన చేత్తో తల గోక్కున్నాడు. ఆవిడ నీళ్లతోనూ తిరిగి వెళ్లింది.

నేపథ్యం జేబులో ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. షాపు ముందు ఎవరో ఎదురుచూస్తుండాలి. అతను తీయలేదు. ఇంకాసేపటికి ఫోను మోగడం మానేసింది. అది ఇంకా భయంకరంగా ఉంది. తన భార్య ఫోను చేయడం మానేసిందంటే బయలుదేరిందన్నమాట.

బయలుదేరే ఉంది. షాపు తాళాలు చేత్తో పట్టుకునే వచ్చింది. గుమ్మంలో నిలబడి, నేలమీద ఉన్న నలుగురినీ, కుర్చీలో ఉన్న ఒక్కణ్ణీ చూసి, "ఏవండీ, ఇంకా అవలేదా?" అంది.

"ఇంకా అవలేదా అంటే? అంటే ఇంట్లో ముందే అనుకుని వచ్చారన్నమాట!" అన్నాడు తమ్ముడు.

"అనుకోకుండా ఎవరైనా ఇలా కూర్చుంటారా? పరామర్శకి వచ్చారండీ ఆయన."

"ఇదేం పరామర్శమ్మా? నోట్లోంచి ఒక్క ముక్క లేదు."

"అదే పరామర్శట. దుఃఖంలో ఉన్నవాళ్లు మాట్లాడేదాకా వచ్చినవాళ్లు మాట్లాడకూడదట. యూదుల పద్ధతి. పొద్దున్నే మొదలెట్టారు నాకు."

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. తమ్ముడు నిరుత్సాహపడ్డాడు. పాస్టరుగారు "అదీ నిజమే" అన్నారు, ఈసారి మనస్ఫూర్తిగా. హెడ్మాస్టరు మాత్రం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. జవాబు కరెక్టయినా లెక్క చేసిన పద్ధతి చూడకుండా ఆయన ఎన్నడూ మార్కులు వేయలేదు.

"ఒప్పుకున్నాం. దుఃఖంలో ఉన్నవాడి ఎదుట కూర్చోవాలి. ఇక్కడ దుఃఖంలో ఉన్నదెవరు?"

అందరూ పెద్దాయన వైపు చూశారు. పెద్దాయన మొట్టమొదటిసారి కనురెప్పలు పూర్తిగా ఎత్తాడు. అత్తగారికీ ఆయనకూ ఫ్యాను ఎంతలో తిరగాలన్న విషయం మీద ఏళ్ల తరబడి సాగిన తగాదా సంఘమంతా ఎరిగినదే. సోమవారంనుంచీ ఆ ఫ్యాను ఆయన ఇష్టప్రకారం తిరుగుతోంది. ఆయన మొహంలో చాలా ఉన్నాయి, అలసట ఉంది, కొంచెం సిగ్గు కూడా ఉంది. దుఃఖం మాత్రం ఎంత వెతికినా కనపడలేదు.

అందరి చూపులూ అక్కణ్ణించి జారి, మెల్లిగా, లోపలి గుమ్మం వైపు వెళ్లాయి. అక్కడ పెద్దాయన భార్య ఖాళీ ట్రే పట్టుకుని నిలబడి ఉంది.

నేపథ్యానికి అప్పుడు తెలిసింది. పోయింది ఈవిడ తల్లి. తను గడప దాటగానే ఈవిడ మాట్లాడింది. కూర్చోమంది. కాఫీ ఇవ్వనా అంది. తల్లి కళ్లజోడు గురించి మొదలే పెట్టింది. దుఃఖంలో ఉన్న మనిషి నోరు తెరిచిన తొలి నిమిషంలోనే తను చెయ్యి ఊపి, కమిటీకి తల వంచాడు. యోబు స్నేహితులు చేసిన తప్పులు చాలానే ఉన్నాయి కాని, కనీసం వాళ్లు యోబుని వదిలేసి ఇంకొకరి ఎదుట కూర్చోలేదు.

ఆవిడ ట్రే టీపాయి మీద పెట్టింది. నేపథ్యం భార్య పక్కకు జరిగి చోటిచ్చింది. పెద్దాయన భార్య నేలమీద కూర్చుని, కొంగు సర్దుకుని, ఎవరివైపూ చూడకుండా మొదలుపెట్టింది.

"చివర్లో మా అమ్మ నన్ను నర్సు అనుకునేది. కళ్లు సరిగ్గా కనపడవు కదా. నాతో నామీదే చాడీలు చెప్పేది. 'మా అమ్మాయి ఒట్టి గయ్యాళమ్మా, ఉప్పు లేని కూడు పెడుతుంది, మందులు గొంతులో కుక్కుతుంది' అని. నేనూ 'అవునమ్మా, మీ అమ్మాయి అలాంటిదేనట, బయట అందరూ అనుకుంటున్నారు' అనేదాన్ని. ఇద్దరం కలిసి నన్ను తిట్టుకుని నవ్వుకునేవాళ్లం."

హెడ్మాస్టరు చేతులు విప్పుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఈ తమ్ముడు కళ్లజోడు చేసిచ్చాక పెట్టుకోమంటే పెట్టుకోనని మొండికేసింది. రెండు చేతులతో తోసేసింది. ఎందుకో నాకు తరవాత తెలిసింది. పెట్టుకుంటే నా మొహం కనపడుతుంది. ఆవిడకి ఆ నర్సు కావాలి. పోయేరోజు పొద్దున నా చెయ్యి పట్టుకుని, 'నువ్వు మా అమ్మాయికంటే నయమే' అంది. అది పొగిడినట్టో తిట్టినట్టో ఎవర్ని అడగను? మూడు రోజుల్నుంచి వచ్చినవాళ్లందరూ 'పెద్ద వయసేగా, అదృష్టవంతురాలు' అని చెప్పేసి వెళ్లిపోతున్నారు."

నవ్వుతూ అన్నదే. కాని చివరిమాట దగ్గర ఆవిడ ఏడ్చేసింది. పాస్టరుగారి నాలుక చివర ఒక బైబిలు వాక్యం సిద్ధంగా వచ్చింది. నేపథ్యం భార్య ఆయన్ని ఒక్క చూపు చూసింది, వాక్యం వెనక్కి వెళ్లిపోయింది. నేపథ్యం దగ్గర ఆ సందర్భానికి సరిపోయే నేపథ్యాలు బోలెడున్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు. ఈసారి అతను మాట్లాడకపోవడం పద్ధతి ప్రకారం కాదు, సిగ్గుతో. పెద్దాయన లేచి వెళ్లి ఫ్యాను వేగం తగ్గించి వచ్చి, కుర్చీలో కాకుండా భార్య పక్కన కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆవిడ మొహం తుడుచుకుని, "కాఫీలు చల్లారిపోయాయి, మళ్లీ పెడతాను" అంది. ఈసారి అందరూ తాగారు. తరవాత నలుగురు కలిసి పాస్టరుగారిని లేపారు.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. ఆ రోజు ఒక వింత జరిగింది. పెద్దాయన అందరికంటే ముందు నోరు తెరిచాడు.

"మా ఇంటికి చాలామంది వచ్చారు. వచ్చినవాళ్లందరూ మాట్లాడారు. ఈయన ఒక్కడే మాట్లాడలేదు. నా భార్య మూడు రోజుల్లో ఆ ఒక్క పూటే ఏడ్చింది, ఆ రాత్రే నిద్రపోయింది. అలా ఊరుకోవడం అందరికీ చేతకాదండీ. అది ఒక వరం."

క్లాసు! నలభై కుర్చీలు నేపథ్యం కళ్ల ముందు వరసగా అమరిపోయాయి.

"అందుకని," అన్నాడు పెద్దాయన, "ఇకమీదట ఎవరింట్లో కష్టం వచ్చినా సంఘం తరపున ఈయనే వెళ్లి కూర్చోవాలి. ఇంతటివాణ్ణి మాటలకి వాడుకోవడం దండగ. శనివారం క్లాసుకి ఎలాగూ మాట్లాడేవాళ్లే కావాలి కనక, అది హెడ్మాస్టరుగారు చూసుకుంటారు."

అందరూ తలలు ఊపారు. వడ్రంగి కూడా ఊపాడు, అంతేకాదు, ఇన్నాళ్లకు అతని వైపు చూసి నవ్వాడు.

నేపథ్యం లేచి నిలబడ్డాడు. నిజం చెప్పెయ్యాలనుకున్నాడు. తను కూర్చున్నది తప్పు మనిషి ఎదుట అని, కూర్చోవడంలో ఆశ ఉందని, మొదట మాట్లాడిన ఆవిణ్ణి తను చెయ్యి ఊపి పంపేశాడని. కాని అది తప్పెలా అయిందో వాళ్లకి తెలియాలంటే ముందు ఆ పద్ధతి ఏమిటో చెప్పాలి.

"దీని యూదు నేపథ్యం ఏమిటంటే..." అన్నాడు.

హెడ్మాస్టరు ఆప్యాయంగా చెయ్యెత్తి ఆపాడు. "వద్దు బ్రదర్. మీరు చెప్పక్కర్లేదు. మాకందరికీ అర్థమైంది."

పాస్టరుగారు "అదీ నిజమే" అన్నారు. కమిటీ అంతా లేచి, తలలు వంచి, అతని గౌరవార్థం కాసేపు మౌనం పాటించింది. అతను బతికే ఉండడం ఎవరికీ అడ్డనిపించలేదు.